మడ్‌గార్డు కింద రెండంగుళాలు

పాత మోటారు సైకిళ్ల మడ్‌గార్డులు బాగుచెయ్యడం నా పని. ఇంజను జోలికి పోను, రంగు నేను వెయ్యను. సొట్టలు పడి, తుప్పు తిని, చిల్లులు పోయిన రేకుని మళ్లీ గుండ్రంగా నిలబెట్టడం, దాన్ని చక్రం మీద పట్టి ఉంచే ఇనప బ్రాకెట్లని సరిచెయ్యడం, అంతవరకే. ఇంత చిన్న పనికి అంత పొగరా అని అప్పట్లో మా ఆవిడ కూడా అనేది. పొగరే. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో నా మాట విన్నది రేకు ఒక్కటే, అందుకని దానిమీద నాకు సర్వాధికారాలూ ఉన్నాయనుకునేవాణ్ణి. ఆ పొగరుతో ఒక పెద్దమనిషికి నేను చేసిన పని ఇన్నేళ్లూ ఆయనింట్లోవాళ్లూ, మా ఇంట్లోవాళ్లూ తప్ప బయటివాళ్లెవరూ నా నోటి వెంట వినలేదు.

మా షాపు కొత్తపేట నుంచి వాడపల్లి వైపు వెళ్లే దారిలో, కాలవ పక్కన ఉండేది. అది అసలు నాన్న కొలిమి పాక. ఆయనకి చూపు మందగించి, కాళ్లు తిమ్మిరెక్కి సుత్తి పక్కన పెట్టేశాక, పాకకి ముందు రేకులు దింపి నేను షాపు పెట్టుకున్నాను. నాన్న లోపల మంచం మీద కూర్చుని నా సుత్తి చప్పుడు వింటూ ఉండేవాడు. దెబ్బ తప్పు పడితే గొంతు సవరించుకునేవాడు. ఆ సవరింపు వింటే నాకు ఒళ్లు మండేది.

పెద్ద తుఫాను వచ్చిన రెండేళ్లకి అనుకుంటాను, వేసవిలో డాక్టరు గారు తన బండి తెచ్చారు. డాక్టరంటే ఆర్‌ఎంపీ. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, తోలు సంచీ. చుట్టుపక్కల లంకలకీ, కాలవ గట్ల మీద పేటలకీ ఆయనే దిక్కు. పిల్లాడికి జ్వరమొచ్చినా, ముసలమ్మకి ఆయాసమొచ్చినా కబురు ఆయనకే వెళ్లేది. ఆయన సూది వేస్తే నొప్పి తెలియదని పేరు. ఆ బండి ఆయన మామగారు ఎప్పుడో వేలంలో కొన్న ఇంగ్లీషు మిలిటరీ బండి. మామగారు పోయాక డాక్టరు గారికి వచ్చింది. ముప్పై ఏళ్లుగా దాని మీదే గట్లన్నీ తిరిగారు.

ఆయన జేబులోంచి ఒక జిరాక్సు కాగితం తీసి నా బల్ల మీద పరిచారు. పాత బళ్ల పుస్తకంలో ఇదే బండి బొమ్మ.

"ఇది పుట్టినప్పుడు ఇలాగుండేదంటయ్యా. రాజమండ్రిలో పాత బళ్లన్నీ ఒకచోట పెట్టి చూపిస్తారంట, మా స్నేహితుడు మన బండి కూడా తెమ్మంటన్నాడు. ఇంజను బానే ఉంది. ఈ మడ్‌గార్డులే మరీ సిగ్గుచేటుగా ఉన్నాయి. చెయ్యగలవా?"

"ఆయ్, చేస్తానండి. బొమ్మలో ఎలాగుందో అలాగే చేసిస్తాను," అన్నాను.

నెల రోజులు పట్టింది. బోల్టులు తుప్పుతో బిగిసిపోతే కిరసనాయిలు పోసి రెండు రోజులు నానబెట్టాను. రంగు గీకుతుంటే ఎరుపు కింద నీలం, నీలం కింద నలుపు, దాని కింద మిలిటరీ ఆకుపచ్చ. ఆకుపచ్చ కింద ఇంక రేకు లేదు, తుప్పే. వెనక మడ్‌గార్డు సగం కోసేసి, నూనె డ్రమ్ము రేకుతో కొత్త సగం చేసి ఇత్తడితో అతికాను. ముందుది ఇసక సంచీ మీద పెట్టి చెక్క సుత్తితో సొట్ట సొట్టా లేపాను. అంచు మడిచి అందులో తీగ దూర్చాను, బొమ్మలో ఉన్నట్టే. పక్క షాపుల వాళ్లు వచ్చి చేత్తో తడిమి చూసి వెళ్లేవాళ్లు. నేను చూడనట్టు నటించేవాణ్ణి గానీ లోపల పొంగిపోయేవాణ్ణి.

ముందు మడ్‌గార్డు బ్రాకెట్ల దగ్గరికి వచ్చేసరికి తేడా కనిపించింది. బొమ్మలో చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బొటనవేలు దూరేటంత సందు ఉంది. ఈ బండికి అరచెయ్యి దూరుతోంది. తీసి చూస్తే నాలుగు బ్రాకెట్లూ మధ్యలో కోసి, రెండేసి అంగుళాల ముక్క అతికి ఉన్నాయి. అతుకు ముతగ్గా ఉంది, కొలిమి పని.

"ఎవడో మహానుభావుడు వీటిని సాగదీశాడు నాన్నా. మడ్‌గార్డు చక్రం మీద గొడుగు పట్టినట్టుంది," అన్నాను లోపలికి వినపడేలా.

నాన్న మంచం మీంచి చెయ్యి చాపాడు. బ్రాకెట్ ఇచ్చాను. అతుకు మీద వేలు పెట్టి రెండు వైపులా తడిమాడు.

"ఈ పొడుగు ఇలా ఉండనీరా," అన్నాడు.

"ఎందుకూ?"

"ఉండనీ."

నాన్నతో ఇదే తంటా. ఏ మాటకీ కారణం చెప్పడు. చిన్నప్పటినుంచీ అంతే, చెప్పింది చెయ్యాలి, ఎందుకని అడిగితే సుత్తి చప్పుడే జవాబు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఎందుకో చెప్పలేనప్పుడు ఊరుకో నాన్నా. ఇది నాగలి కాదు, బండి," అన్నాను. ఆయన బ్రాకెట్ మంచం మీద పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను నాలుగూ కోసి, ముక్కలు తీసేసి, బొమ్మలో ఉన్న కొలతకి తెచ్చాను. బిగించాక చూస్తే మడ్‌గార్డు చక్రాన్ని కౌగిలించుకున్నట్టు కూర్చుంది. అంత అందమైన పని అంతకు ముందు చెయ్యలేదు, ఆ తరవాతా చెయ్యలేదు.

రాజమండ్రిలో అందరూ బండి చుట్టూ మూగారట. డాక్టరు గారు తిరిగొచ్చి నా భుజం తట్టి ఒక ఫోటో ఇచ్చారు. అదంతా వేసవి. రోడ్లు పొడి, గట్లు పొడి, కాలవలు కట్టేసి ఉన్నాయి.

మా వైపు వేసవిలో కాలవలు కట్టేసి, అడుగున పేరుకున్న పూడిక తవ్వి గట్టు మీద పోస్తారు. జూన్‌లో నీళ్లొదులుతారు. మొదటి వానలకి ఆ పూడిక మట్టి నానిపోయి, చెప్పుకి అంటుకుంటే చెప్పే ఊడివచ్చేటంత బంక అవుతుంది. ఇది మా ప్రాంతంలో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. సైకిలు మడ్‌గార్డులో ఆ మట్టి పట్టేసి చక్రం తిరక్కపోతే, దిగి పుల్లతో గీక్కుని మళ్లీ ఎక్కి, పది బారలు పోయి మళ్లీ దిగి, అలా బడికెళ్లిన వాణ్ణే నేను. నాకు తెలియనిది కాదు. ఎర్రటి ఎండలో జిరాక్సు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నవాడికి గుర్తు రాలేదు, అంతే.

వానలు మొదలైన నాలుగో రోజు పొద్దున్నే ఆకుమళ్లకి వెళ్లే కూలీ ఒకతను షాపు ముందు ఆగాడు.

"డాక్టరు గారు గట్టు మీంచి పడిపోయేరండి. కాలవలో. బండి ఆయన మీద పడిపోయిందండి."

"బతికున్నారా?"

"ఉన్నారండి. కాలు బండి కింద ఇరుక్కుపోయి, గెడ్డం దాకా నీళ్లలో ఉన్నారండి పాపం. ఎంతసేపట్నించో ఏటో. మేం వెళ్లి లాగేం."

అతను ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు వినపడలేదు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నేను వదిలిన బొటనవేలు సందు కళ్ల ముందుకొచ్చింది. సైకిలెక్కాను, గట్టు దగ్గరికి వచ్చేసరికి నా సైకిలు చక్రాలు కూడా పట్టేశాయి. దాన్ని అక్కడే పడేసి పరిగెత్తాను.

అప్పటికే డాక్టరు గారిని మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తీసుకెళ్లారు. ఎడమ వైపు మెడ కింద ఎముక విరిగిందన్నారు. ఒడ్డున నలుగురు బండిని లాగుతున్నారు. వెనక చక్రం తిరుగుతోంది. ముందు చక్రం తిరగడం లేదు. మడ్‌గార్డు లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి మట్టి, ఎవరో అరచేత్తో అదిమి అదిమి కూరినట్టు ఉంది. వేలు పెడితే దిగలేదు.

నేను అక్కడ కూలబడి, కొబ్బరి మట్ట ముక్క ఒకటి తీసుకుని ఆ మట్టిని గీకడం మొదలుపెట్టాను. వాళ్లకి సాయం చేస్తున్నట్టే ఉంది. సాయం కాదు. ఎవరూ చూడకముందు అది అక్కడ లేకుండా చెయ్యాలి, నా బుర్రలో ఉన్నది అదొక్కటే.

ఒకాయన వంగి చూశాడు. "చక్రం పట్టేసిందండి మట్టికి. అందుకే పడ్డారేమో."

"బురదలో పడితే బురద పట్టదా మరి," అన్నాను తలెత్తకుండా.

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. నాలుగు గుప్పిళ్ల మట్టి కాలవలోకి విసిరేశాను. చక్రం తిరిగింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నాన్న లోపలి నుంచి అడిగాడు. "ముందు చక్రమేనా?"

"అవును."

"ఆ ముక్కలు అతికింది నేనే. వాళ్ల మామగారి రోజుల్లో. అప్పట్లో గట్టెక్కే ప్రతి బండికీ రెండంగుళాలు లేపేవాళ్లం."

"అప్పుడే ఆ మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. ఆ రోజు నుంచి నాన్న గొంతు సవరించుకోవడం కూడా మానేశాడు. అది ఇంకా భయంకరంగా ఉండేది. నేను సుత్తి ఎక్కడ కొట్టినా లోపల చప్పుడు లేదు.

పది రోజులకి డాక్టరు గారు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు. చూడ్డానికి వెళ్లాను. ఎడమ చెయ్యి గుడ్డతో మెడకి కట్టి ఉంది. వాకిట్లో వాలుకుర్చీలో కూర్చున్నారు. నన్ను చూసి, "నీ మడ్‌గార్డు పాడుచేసేనయ్యా," అన్నారు.

"ఎలా జరిగిందండి?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకు తెలుసు. ఆయనకి ఎంత తెలుసో చూడ్డానికి.

ఆయన కుడి చెయ్యి ఎత్తి చూసుకున్నారు. "నెమ్మదిగానే వెళ్తన్నానయ్యా. ముందు చక్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఈ చెయ్యి బ్రేకు పట్టేసుండాలి. నేను పట్టలేదు. పట్టినట్టు గుర్తు లేదు. అంటే నాకు తెలీకుండా పట్టేసిందన్నమాట. ముప్పయ్యేళ్లలో ఎప్పుడూ ఇలా అవ్వలేదు."

"ఒక్కోసారి అలా అవుతుందండి," అన్నాను.

అమ్మగారు, అంటే ఆయన భార్య, గుమ్మంలోంచి అన్నారు: "వయసొచ్చింది, ఇంక గట్లు తిరగడం మానండంటే ఎప్పుడు విన్నారు?"

ఆయన కుర్చీ చేతి మీద కుడి చెయ్యి చాపి, వేళ్లు విడదీసి, వాటినే చూస్తున్నారు. కదులుతున్నాయేమోనని. నేను కూడా చూశాను. కదల్లేదు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. ఒక్క మాట చాలు. "రేకు పాడైతే పంపండి, చూస్తాను," అని లేచి వచ్చేశాను.

బండికి గోనెపట్టా కప్పేశారు. గట్ల మీద దాని చప్పుడు ఆగిపోయింది. జనం ఆయన్ని ఎడ్లబండి మీదో, రిక్షాలోనో తీసుకెళ్తున్నారు కదా, ఏం నష్టం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎముక అతుక్కుంటుంది. బండి తోలకపోతే మరీ మంచిది, ఈ వయసులో. ఇలాంటివి రోజుకి పది అనుకునేవాణ్ణి. రాజమండ్రి నుంచి ఒకాయన రెండు పాత బళ్లు మడ్‌గార్డులు చెయ్యమని నా దగ్గరికే పంపాడు, డాక్టరు గారి బండి చూసి. వాటి ముందు కూర్చుంటే సుత్తి పట్టబుద్ధి అయ్యేది కాదు. ఇంట్లో ప్రతిదానికీ ఒంటికాలి మీద లేచేవాణ్ణి.

నాన్నకి కాళ్ల తిమ్మిరికి వారం వారం సూది వెయ్యాలి. డాక్టరు గారు మంచాన పడ్డప్పటినుంచీ అది ఆగిపోయింది. ఆయన కట్టు విప్పారని విని, నాన్నని రిక్షాలో తీసుకెళ్లాను. నాన్నతో అక్కడికి వెళ్లాలంటే భయమే. కానీ కాళ్లు మరీ మొద్దుబారిపోయాయి, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు.

అప్పటికి ఆయన దగ్గరికి జనం తగ్గారని గమనించాను. అరుగు మీద ఎవరూ లేరు. డాక్టరు గారు నాన్నని కూర్చోబెట్టి, కాళ్లు నొక్కి చూసి, మందు సీసా మెడ గీరి విరిచి, సిరంజిలోకి లాగారు. దూదితో నాన్న జబ్బ తుడిచారు. సూది దగ్గరికి తెచ్చారు. తెచ్చి ఆగిపోయారు.

చెయ్యి గాల్లో ఉంది. ఆయన నాన్న జబ్బని చూడ్డం లేదు, తన చేతినే చూస్తున్నారు. నాన్న కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్నాడు. చెయ్యి వణకడం లేదు, ఒట్టు, ఇసుమంత కూడా వణకడం లేదు. అయినా ఆయన నుదుటి మీద చెమట పట్టింది. సిరంజిని మెల్లగా పళ్లెంలో పెట్టేశారు.

"కొత్తపేట తీసుకెళ్లవయ్యా. అక్కడ నర్సమ్మ వేస్తుంది," అన్నారు నాతో. తరవాత నాన్నతో, "ఏవనుకోకండి. ఈ చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది. తెలీకుండా బ్రేకు పట్టిన చెయ్యి, తెలీకుండా ఇంకేం చేస్తుందో. నెలైంది, ఎవరికీ వెయ్యట్లేదు."

నాన్న తల నా వైపు తిప్పాడు. చూపు సరిగా ఆనని ఆ కళ్లతో నేనున్న చోటికే చూశాడు. ఇప్పుడు చెప్పేస్తాడనుకున్నాను. చెప్పెయ్యాలనే కోరుకున్నాను, నా పని తప్పిపోతుందని. నాన్న లేచి, చేతులు జోడించి, "ఆయ్, అలాగేనండి," అన్నాడు.

రిక్షాలో చాలా దూరం వచ్చాక అన్నాడు: "ఆయన చెయ్యి మంచిదేరా."

అంతే అన్నాడు. కారణం చెప్పమని ఈసారి నేను అడగలేదు.

షాపుకొచ్చి, రాజమండ్రి బళ్లు పక్కకి నెట్టి, నాలుగు ఇనప ముక్కలు కోశాను. రెండేసి అంగుళాలు, ఇంకో వెంట్రుకవాసి ఎక్కువే. కొత్త బ్రాకెట్లు చేశాను. అతుకులు సానబెట్టలేదు, కనపడాలనే. మర్నాడు పొద్దున్నే వాటిని గుడ్డలో చుట్టుకుని డాక్టరు గారింటికి వెళ్లాను. దారిలో రెండుసార్లు ఆగాను. ఒకసారి నిజంగానే వెనక్కి తిరిగాను కూడా.

ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నారు. బ్రాకెట్లు ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"మీరు బ్రేకు పట్టలేదండి," అన్నాను.

ఆయన పేపరు దించారు.

చెప్పాను. పొడుగు బ్రాకెట్లు మా నాన్న చేసినవని, గట్టు మట్టి పట్టకుండా చేసినవని, ఉంచమంటే వినకుండా బొమ్మ కోసం నేను కోసేశానని, చక్రం ఆపింది ఆ మట్టేనని. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అమ్మగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

డాక్టరు గారు అంతా విని చాలా నెమ్మదిగా అడిగారు. "ఆ రోజు మట్టి పట్టిందేమోనని ఒకతను అన్నాడు నాతో. ఆసుపత్రికొచ్చి చెప్పేడు. పడ్డాక పట్టిన మట్టని నువ్వే అన్నావంట కదా?"

"ఆయ్ అండి."

"తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నానండి."

ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. కొడతారనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. ఆయన కుడి చెయ్యి ఎత్తి నా మొహం ముందు పెట్టారు, వేళ్లు విడదీసి.

"నెల్లాళ్లు," అన్నారు. "నెల్లాళ్లుగా అన్నం ముద్ద ఎత్తినా, మంచినీళ్ల గ్లాసు పట్టుకున్నా ఈ చెయ్యినే చూసుకుంటా కూర్చున్నానయ్యా. లంకలో జ్వరంతో ఉన్న పిల్లని చూసి సూది వెయ్యకుండా తిప్పి పంపేసేను. నువ్వక్కడ కూర్చుని రేకులు కొట్టుకుంటన్నావు."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆయన ఓదార్చనూ లేదు, పొమ్మననూ లేదు. అమ్మగారి వైపు తిరిగి మందుల పెట్టె తెమ్మన్నారు.

"రేకు పని చేసేవాడివి. తుప్పు గీసుకుంటే వేసే టీటీ సూది ఎప్పుడు చేయించుకున్నావు?"

"గుర్తు లేదండి."

"చొక్కా చెయ్యి పైకి మడు."

మడిచాను. సిరంజిలోకి మందు లాగి, పైకెత్తి చుక్క వదిలారు. నేను మొహం తిప్పుకోబోయాను.

"అటు తిరక్కు. చూడు. నా చెయ్యి చూడు," అన్నారు.

చూశాను. అమ్మగారు కూడా గుమ్మం పట్టుకుని చూస్తున్నారు. సూది నా జబ్బకి అంగుళం దూరంలో ఆగింది. అప్పుడు వణుకుతున్నది నా జబ్బే. ఆయన ఎడమ చేత్తో, అతుక్కుని నెల కూడా కాని ఎముక నొప్పికి మొహం చిట్లించుకుంటూనే, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని వణుకు ఆగేదాకా కదలనివ్వలేదు. ఆగాక సూది దింపారు. ఏమీ తెలియలేదు.

దూది పెట్టి నా వేలితోనే నొక్కించారు. సిరంజి పళ్లెంలో పెట్టి, తన చేతిని ఒకసారి చూసుకుని, పంచెకి తుడుచుకున్నారు.

"మధ్యాన్నం మీ నాన్నని తీసుకురా," అన్నారు.